మాస్టారి పెన్సిల్ గుర్తులు, ఒక పాత పేజ్‌మేకర్ ఫైలు

మాస్టారి కూతురు సంచిలోంచి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టారు. మాస్టారు రాసిన పద్యాలతో 2004లో మేమే అచ్చువేసిన పుస్తకం. రెండు శతకాలు, కొన్ని ఖండికలు, ఎనిమిది ఫారాలు, ఐదువందల ప్రతులు. అట్ట వెలిసిపోయింది గానీ కుట్టు ఊడలేదు. లోపల పుటల అంచుల్లో సన్నటి పెన్సిల్ గీతలు కనిపించాయి. పుస్తకం చేతికొచ్చాక మాస్టారు దాన్ని మళ్లీ మొదటి నుంచీ చదువుకుని, మలి ముద్రణలో సరిచేయవలసినవన్నీ గుర్తుపెట్టారు. లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఆయన ఉండగా మలి ముద్రణ రాలేదు.

"వచ్చే శ్రావణానికి నాన్నగారికి నూరేళ్లు, అన్నయ్యగారూ. ఇవి సరిచేసి, అదే అక్షరంతో, ఏ పుటలో ఉన్న పద్యం ఆ పుటలోనే ఉండేలా మళ్లీ వేసిపెట్టగలరా?" అని అడిగారు.

వేస్తానమ్మా అన్నాను. ఆమె వెళ్లాక బల్ల దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ పుస్తకం ఫైలు ఉన్న కంప్యూటర్ పాడై అప్పటికి రెండేళ్లయింది.

గుంటూరు అరండల్‌పేటలో నాది చిన్న డీటీపీ దుకాణం. ఇప్పుడు పనంతా కొత్త సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ ఫాంట్లతో నడుస్తోంది. పాత కంప్యూటర్ 2003లో కొన్నది. విండోస్ ఎక్స్‌పీ, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ డిస్కు. దాని మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బిపోయి ఒకరోజు ఆన్ కావడం మానేసింది. మరమ్మతుకు తీసుకెళితే అలాంటి బోర్డు దొరకడం లేదన్నారు. అప్పుడు దాన్ని అటక మీద పెట్టేశాను.

పుస్తకాన్ని కొత్తగా టైపు చేయిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అన్నారు. పది రోజుల పని. కానీ పద్యాల సంగతి వేరు. ఒక్క దీర్ఘం జారినా గణం చెడుతుంది, ఒక్క అక్షరం మారినా యతి తప్పుతుంది. ఆ ఫైలును మాస్టారు మూడుసార్లు ప్రూఫు చూశారు. ఎండలో నడిచి వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని, వేలితో ఒక్కో పాదం లెక్కపెట్టుకుంటూ చూశారు. మళ్లీ టైపు చేస్తే కొత్త తప్పులు పడతాయి. వాటిని పట్టుకోవడానికి ఇప్పుడు ఆయన లేరు. అందుకని ఎంత కష్టమైనా ఆ ఫైలునే తెరవాలని నిశ్చయించుకున్నాను.

ముందుగా బ్యాకప్ సీడీలు తీశాను. రెండున్నాయి. ఒకదాని పైపూత పొరలుగా లేచిపోయింది. రెండోది ఫైళ్ల పేర్లు చూపించింది గానీ, కాపీ చేయబోతే సగంలో ఆగిపోయింది. సీడీ మీద రాసి పెట్టాం కదా, ఇక భయం లేదనుకున్న రోజులు గుర్తొచ్చి బాధ కలిగింది. ఇక మిగిలింది అటక మీది డిస్కు.

ఆ కాలపు డిస్కులకు వెడల్పాటి రిబ్బను లాంటి ఐడీఈ కేబుల్ ఉండేది. ఇప్పటి కంప్యూటర్లలో దాన్ని తగిలించే చోటే ఉండదు. యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ ఒకటి కొన్నాను. పెద్ద డిస్కుకు 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి కాబట్టి, దానికి వేరే ప్లగ్గు కూడా ఉన్న అడాప్టర్ అడిగి తీసుకున్నాను. తగిలిస్తే డిస్కు తిరిగింది, తెర మీద మాత్రం ఏమీ కనిపించలేదు. వెనక ఉండే చిన్న జంపర్‌ను 'స్లేవ్' నుంచి 'మాస్టర్'కు మార్చాక కనిపించింది. ఇరవై ఏళ్ల డిస్కు. ఎంతసేపు తిరుగుతుందో తెలియదు. ఒక్క ఫైలు కూడా తెరవకుండా డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఇమేజ్ ఫైలుగా నకలు తీశాను. గంటన్నర పట్టింది. ఆ తర్వాత అసలు డిస్కును విప్పి, కాగితంలో చుట్టి బీరువాలో పెట్టాను. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ముందు ఇది చేయాలి. ప్రయోగాలన్నీ నకలు మీద చేసుకోవచ్చు.

నకలులో మాస్టారి పుస్తకం పేరుతో మూడు ఫైళ్లున్నాయి: ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కరెక్టెడ్. మూడోది సరైనదని ఎవరైనా అనుకుంటారు. నేను పేర్లనూ తేదీలనూ నమ్మలేదు. ఫైలు తెరవగలిగిన రోజున, 37వ పుటలో మాస్టారు ఆఖరి ప్రూఫులో మార్పించిన ఒక పాదాన్ని పట్టుకుని అచ్చు పుస్తకంతో పోల్చాను. అచ్చుకు వెళ్లింది ఫైనల్ 2. 'కరెక్టెడ్' అన్నది సగంలో వదిలేసిన ప్రతి.

ఫైలు పేజ్‌మేకర్ 7.0ది. పుస్తకాల పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్ అది. 1985లో ఆల్డస్ సంస్థ మ్యాకింటాష్ కోసం తెచ్చిన పేజ్‌మేకర్, 1994లో ఆ సంస్థతో పాటు అడోబీ చేతికి వచ్చింది. 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత పెద్ద వెర్షన్ మరొకటి రాలేదు. అడోబీ 1999లోనే అదే పనికి ఇన్‌డిజైన్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది, దారి అటు మళ్లింది. ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకూ వచ్చిన వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలవు, ఆ తర్వాతివి తెరవవు. మా వీధిలో ఒకరి దగ్గర సీఎస్6 ఉంటే వెళ్లి ప్రయత్నించాను. తెరుచుకుంది గానీ పాదాలు విరిగే చోటు మారిపోయింది. ఏ పుటలో పద్యం ఆ పుటలో ఉండాలని ఆమె అడిగారు కదా. అందుకని ఆ దారి వదిలేశాను.

నా కొత్త కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 11. పేజ్‌మేకర్ అసలు సీడీ, దాని నంబరు ఉన్న కాగితం పదిలంగా ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మామూలుగా చూపించే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో కాకుండా, సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టాను. విస్టా నుంచి విండోస్, ప్రోగ్రాములను ఆ ఫోల్డర్‌లో ఇష్టం వచ్చినట్టు రాసుకోనివ్వదు. పాత ప్రోగ్రాములకేమో తమ ఫోల్డర్‌లోనే రాసుకునే అలవాటు. తర్వాత, పాత విండోస్‌లో ఉన్నట్టు ప్రోగ్రామును నడిపించే కంపాటిబిలిటీ అమరికలో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపించాను. తెర మీద ఆ పాత బొమ్మ రాగానే గొంతు పట్టేసినట్టయింది.

ఫైలు తెరవబోతే ఒక పెట్టె వచ్చింది. ఫలానా ఫాంట్లు లేవు, వాటి బదులు వేరేవి వాడనా అని అడుగుతుంది. దాన్ని పానోస్ అంటారు. అందులో తాత్కాలికం, శాశ్వతం అని రెండు ఎంపికలుంటాయి. ఎప్పుడూ తాత్కాలికమే ఎంచుకోవాలి. శాశ్వతం నొక్కి ఫైలు సేవ్ చేస్తే, ఏ అక్షరం ఏ ఫాంటులో ఉండేదో ఆ ఫైలు మరచిపోతుంది.

పుట నిండా నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిషు అక్షరాలు కనిపించాయి. ఇది ఊహించిందే. ఆ కాలపు తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరమనేది ఫైలులో ఉండదు. ఉండేది ఒక సంఖ్య, 0 నుంచి 255 లోపు. ఆ సంఖ్య దగ్గర ఇంగ్లిషు ఫాంటులో ఏదో ఒక రోమన్ అక్షరం ఉంటుంది, మన ఫాంటులో క అడుగుభాగమో తలకట్టో ఒక వత్తో ఉంటుంది. ముక్కలను పక్కపక్కన పేర్చితే కంటికి తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేకపోతే ఆ ముక్కలకు అర్థం లేదు. ఏ సంఖ్యకు ఏ ముక్క అన్నది ఒక్కో ఫాంటు తయారీదారు ఒక్కోలా పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను, అది చెప్పి తీరాలి. పాత డిస్కు నకలులో విండోస్ ఫోల్డర్ లోపల నా ఫాంట్లన్నీ ఉన్నాయన్న సంగతి తట్టలేదు. దగ్గర్లోని మరో దుకాణంలో అదే పేరున్న ఫాంట్లు ఉంటే తెచ్చి వేసుకున్నాను. పుట మీద తెలుగు విచ్చుకుంది. సంతోషం పట్టలేక ఆ రాత్రే ఆమెకు ఫోను చేసి చెప్పేశాను. మర్నాడు పొద్దున మొదటి పద్యం చదువుతుంటే ఒక వత్తు తేడాగా అనిపించింది. మూడో పద్యంలో మరొకటి. అవి అదే పేరుతో తర్వాత వచ్చిన ఫాంట్లు, కొన్ని ముక్కల స్థానాలు మారాయి. నూటికి తొంభై తొమ్మిది అక్షరాలు సరిగ్గా ఉండి, ఒకటి మారింది. పుట మొత్తం చెడి ఉంటే వెంటనే తెలిసేది. ఇలా చెడితే చదివేవాడికి మాస్టారే తప్పు రాశారనిపిస్తుంది. ఆ ఫాంట్లన్నీ తీసేసి, నకలులోంచి నా పాత ఫాంట్లు తెచ్చి వేశాను. తేదీ, ఫైలు పరిమాణం రెండూ చూసుకుని మరీ వేశాను.

అక్షరాలు కుదిరాక మరో రెండు చిక్కులు మిగిలాయి. ప్రింట్ నొక్కితే పేజ్‌మేకర్ కదలకుండా నిలిచిపోయేది. అసలే అది ఇప్పటి ప్రింటర్ల కాలానికి ఇరవై ఏళ్ల ముందుది. రెండోది, నలభై ఒక్క సవరణలు చేయాలంటే టైపు చేయాలి. ఆ ఫాంట్లలో టైపు చేయడానికి వాటితో పాటు కొన్న తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ కావాలి. దాని సీడీలో సెటప్ నొక్కితే, ఈ యాప్ మీ కంప్యూటర్‌లో నడవదని విండోస్ చెప్పేసింది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోను చేశాను. "మామయ్యా, ఆ సెటప్ ఫైలు 16 బిట్‌ది అయ్యుంటుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములను నడిపే భాగమే లేదు. విండోస్ 11కు 32 బిట్ రకం అసలు రాలేదు" అన్నాడు. పేజ్‌మేకర్ 32 బిట్‌ది కాబట్టి నడిచింది. 32 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ నడుపుతుంది, 32 బిట్ డ్రైవర్లను, అంటే పరికరాలతో మాట్లాడే చిన్న ప్రోగ్రాములను మాత్రం ఒప్పుకోదు. ఈ తేడా తెలియక నేను అప్పటికి మూడు రోజులు పోగొట్టుకున్నాను. 'పాత సాఫ్ట్‌వేర్' అని అంతటినీ ఒకే గాటన కట్టేస్తాం. ప్రోగ్రాము, దాన్ని ఎక్కించే సెటప్, అది వాడే డ్రైవరు మూడు వేర్వేరు సంగతులు. ఏది ఆగిందో తెలుసుకుంటే సగం దారి దొరికినట్టే.

మేనల్లుడు చెప్పిన మందు వర్చువల్ మెషీన్. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్ ఉన్నట్టు భ్రమ కల్పించే సాఫ్ట్‌వేర్ అది. నేను వాడింది వర్చువల్‌బాక్స్, ఉచితంగా దొరుకుతుంది. ముందుగా పాత డిస్కు నకలునే అందులో పెట్టి లేపుదామని చూశాను. నీలి తెర వచ్చి ఆగిపోయింది. పాత మదర్‌బోర్డు కోసం అమర్చుకున్న ఎక్స్‌పీ, కింద ఉన్న యంత్రం మారేసరికి తన డిస్కునే గుర్తుపట్టలేకపోయింది. దానితో కుస్తీ పట్టకుండా, విడిగా కొన్న ఎక్స్‌పీ సీడీ నా దగ్గర ఉంది కాబట్టి, దాని 25 అక్షరాల కీతో కొత్తగా ఎక్కించాను. యాక్టివేషన్‌కు 30 రోజుల గడువుంటుంది. పని ఆలోగా ముగిసేలా క్యాలెండర్ మీద రోజుకింతని రాసుకున్నాను.

ఎవరికైనా పనికొస్తుందని అమరికలు చెబుతున్నాను. వర్చువల్ మెషీన్‌లో డిస్కును, ఐడీఈ తర్వాత వచ్చిన సాటా కంట్రోలర్‌కు కాకుండా ఐడీఈ కంట్రోలర్‌కే తగిలించాలి. ఎక్స్‌పీ సీడీలో ఇప్పటి సాటా పద్ధతికి డ్రైవర్ లేదు. ఒక్క ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్ చాలు. నెట్‌వర్క్ పూర్తిగా తీసేయాలి. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి, దాన్ని ఇంటర్నెట్‌కు చూపించకూడదు. లోపలికి పంపాల్సిన ఫైళ్లను ఒక సీడీ ఇమేజ్‌గా చేసి, వర్చువల్ సీడీ డ్రైవ్‌లో పెట్టాను. మొదట్లో అంతా నత్తనడక నడిచింది, వర్చువల్‌బాక్స్ విండో కింది అంచున చిన్న తాబేలు బొమ్మ కనిపించేది. విండోస్ తన సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్-వీని నడుపుతుంటే ఆ బొమ్మ వస్తుందట. మేనల్లుడు ఫోనులో చెబుతుంటే దాన్ని ఆపాను. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్ అమరికల్లో వర్చువలైజేషన్ ఆన్ చేయడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

ఎక్స్‌పీలో పేజ్‌మేకర్ ఎక్కింది, ఫాంట్లు ఎక్కాయి, కీబోర్డు సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కింది. తెరవగానే తాళం కనిపించడం లేదంది.

తాళమంటే డాంగిల్. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. కొన్నవాళ్లే వాడుతున్నారని నమ్మకం కోసం కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు తగిలించేవాళ్లం. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ పనిచేయదు. నా డాంగిల్ భద్రంగానే ఉంది, దాన్ని తగిలించే 25 రంధ్రాల పోర్టు కొత్త కంప్యూటర్‌లో లేదు. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకు మార్చే కేబుల్ తెప్పించాను. పనిచేయలేదు. ఆ కేబుల్ ప్రింటర్‌తో మాట్లాడడం కోసం చేసింది. డాంగిల్‌ను వెతికే ప్రోగ్రామేమో పోర్టు తీగలనే నేరుగా తడిమి చూస్తుంది, ఆ కేబుల్‌లో అలాంటి తీగలు లేవు. తాళం విరగ్గొట్టిన నకలు ఇస్తామని ఇద్దరు ముందుకొచ్చారు. వద్దన్నాను. ఆ రోజుల్లో నెలల తరబడి డబ్బు కూడబెట్టి అసలుది కొన్నాను. ఎవరు ఏం కలిపారో తెలియని ప్రోగ్రామును మాస్టారి ఫైలు పక్కన పెట్టడానికి మనసు ఒప్పలేదు.

ఆ రాత్రి దుకాణం మూసి ఇంటికి వెళుతుంటే ఒక ఆలోచన వచ్చింది. నాకు కావలసింది పుస్తకం టైపు చేయడం కాదు కదా. నలభై ఒక్క చోట్ల ఒకటో రెండో అక్షరాలు మార్చడం, అంతే. ఆ అక్షరాలు అదే పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. అక్కడి నుంచి కాపీ చేసి ఇక్కడ పెడితే సరిపోతుంది.

మర్నాడు మొదలుపెట్టాను. మాస్టారి గుర్తుల్లో పదిహేడు బండి ఱకు సంబంధించినవి. 'మరి' అని పడ్డచోట 'మఱి' కావాలని, 'ఎరుక' అన్నచోట 'ఎఱుక' కావాలని. రెండో శతకంలో సరిగ్గా పడిన 'మఱి' ఒకటి దొరికింది. అందులోని ముక్కను ఎంపిక చేసి, కాపీ చేసి, తప్పు ఉన్నచోటికి తెచ్చి పెట్టాను. ముందున్న గుడి ముక్క ఒకటి మిగిలిపోతే తీసేశాను. ఒక్కో దిద్దుబాటుకు పది నిమిషాలు పట్టేది. ఒక్కోదాని తర్వాత ఫైలును కొత్త పేరుతో భద్రపరిచాను.

ముప్పై రెండోది దగ్గర ఆగిపోయాను. మాస్టారు 'కళ్లు' అన్నదాన్ని కొట్టేసి, 'కళ్ళు' అని రాశారు. ళకు ళ వత్తే ఉండాలని ఆయన పట్టు. పుస్తకమంతా వెతికాను. అప్పుడు ఎవరు టైపు చేశారో గానీ అంతటా ల వత్తే వేశారు. ళ వత్తు ఒక్కటీ లేదు. మేనల్లుడికి చెబితే, "విండోస్‌లో క్యారెక్టర్ మ్యాప్ ఉంటుంది కదా మామయ్యా, ఫాంటులోని ముక్కలన్నీ అందులో కనిపిస్తాయి" అన్నాడు.

తెరిచాను. గళ్లు గళ్లుగా, ఒక్కో గడిలో ఒక్కో ముక్క: తలకట్లు ఒకచోట, కొమ్ములు ఒకచోట, వత్తులు మరోచోట. నా కళ్ల ముందు మా నాన్న అచ్చు అక్షరాల కేసు ప్రత్యక్షమైంది. నాన్న లెటర్ ప్రెస్‌లో కంపోజిటర్. చెక్క అరల్లో సీసపు అక్షరాలు ఉండేవి, ఆయన వాటి వైపు చూడకుండానే వేళ్లతో ఏరి కంపోజింగ్ స్టిక్‌లో పేర్చేవారు. స్కూలు నుంచి వచ్చాక, అచ్చయిపోయిన పుటను విప్పి ఏ అక్షరాన్ని ఆ అరలో వేయడం నా పని. డీటీపీ వచ్చాక ఆ కేసులన్నీ తూకానికి పోయాయి. ముప్పై ఏళ్ల పైన అయింది. ఆ రోజు తెర మీది గడుల్లోంచి ళ వత్తును ఏరి పద్యంలో పెడుతున్నప్పుడు నాన్న పక్కనే నిలబడి చూస్తున్నట్టు అనిపించింది.

మిగతా తొమ్మిదీ ఆ సాయంత్రానికే పూర్తయ్యాయి.

పీడీఎఫ్ చేయడంలో చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. పేజ్‌మేకర్ డాక్యుమెంట్ సెటప్‌లో, ఏ ప్రింటర్ కోసం పుటను కూర్చుతున్నామో చెప్పే చోటుంది. అది మారితే పాదాలు విరిగే తీరు మారవచ్చు. పుటను ప్రింటర్‌కు వర్ణించి చెప్పే భాష పోస్ట్‌స్క్రిప్ట్. పాత ఫైలులో ఏ పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ పేరు ఉందో చూసి, ఎక్స్‌పీలో ఆ డ్రైవర్‌నే ఎక్కించాను. దానికి ప్రింటర్ ఉండనక్కర్లేదు, పోర్టు దగ్గర 'ఫైల్' అని పెడితే కాగితానికి బదులు ఫైలులోకి ముద్రిస్తుంది. అలా వచ్చిన పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును బయటికి తెచ్చి, దాన్ని చదవగల ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేశాను. ఫాంట్లు అందులోనే ఇమిడిపోయాయి. పాత పుస్తకం పుటనూ కొత్త పుటనూ వెలుతురుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. పాదం మీద పాదం కూర్చుంది.

పని అక్కడితో అయిపోవాలి. కానీ ఆమె పీడీఎఫ్ చూసి, "మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, ఫోనులో ఏదైనా పదం కొట్టి తాతయ్య పద్యం వెతుక్కోవచ్చా?" అని అడిగారు. వెతకడం కుదరదు. పీడీఎఫ్‌లో కంటికి కనిపించేది తెలుగు, లోపల ఉన్నది ఆ పాత సంఖ్యలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. యూనికోడ్ 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటిచ్చింది, 128 గడులు కేటాయించింది. క అంటే ప్రపంచంలో ఏ ఫోనులోనైనా అదే క. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ తెలియదు.

మార్చే సాధనాలు నెట్‌లో ఉన్నాయి, రెండు వాడి చూశాను. వచనానికి బాగానే ఉన్నాయి. మాస్టారి పద్యాల్లో అరసున్నలున్నాయి. ఒక సాధనం వాటిని వదిలేసింది, మరొకటి నిండు సున్నలు చేసింది. వదిలేస్తే గణం చెడదు గానీ ఆయన రాసిన రూపం పోతుంది. నిండు సున్న చేస్తే ఛందస్సే కూలిపోతుంది. 'కలఁడు' మూడు లఘువులు, నగణం. ఆటవెలదిలో సూర్యగణంగా చక్కగా ఒదుగుతుంది. అదే 'కలండు' అయితే లకు గురుత్వం వచ్చి జగణమైపోతుంది, ఆటవెలదిలో జగణానికి చోటే లేదు. పక్క స్టూలు మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకున్న మనిషి పుస్తకంలో అది జరగనివ్వలేను.

కాబట్టి పట్టిక నేనే తయారుచేశాను. క్యారెక్టర్ మ్యాప్ ముందు పెట్టుకుని, ఒక్కో గడిలోని ముక్కకు ఎదురుగా అది యూనికోడ్‌లో ఏమవుతుందో రాసుకుంటూ వెళ్లాను. రెండు వందల పైన వచ్చాయి. కొన్ని ముక్కలు ఒంటరిగా ఏమీ కావు. మా ఫాంటులో మ ఒక ముక్క కాదు, వ ఆకారం ఒకటి, దాని పక్కన తోక ఒకటి. రెండూ కలిస్తేనే మ. పట్టికలో జంటలను ముందు మార్చి, ఒంటి ముక్కలను తర్వాత మార్చాలి. అన్నిటికంటే కష్టపెట్టింది వరస. 'స్త్రీ' అన్నది పాత ఫైలులో 'సీ', త వత్తు, ర వత్తు అన్న వరసలో ఉంటుంది, చేత్తో రాసినట్టే. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి, నోటితో పలికినట్టు. వత్తులన్నీ దాటించి అచ్చు గుర్తును చివరికి జరపాలి. ఆ భాగానికి మేనల్లుడు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాము రాసి పంపాడు. నేను పట్టిక దిద్దడం, అతను నడిపి చూడడం, తేడాలు నాకు పంపడం. దీనికి పన్నెండు రాత్రులు పట్టింది.

చివరికి వచ్చిన పాఠాన్ని అచ్చు పుస్తకంతో అక్షరం అక్షరం నేనే పోల్చాను. అందులో నలభై ఒక్క సవరణలూ ఉన్నాయి, అరసున్నలు అరసున్నలుగానే ఉన్నాయి.

ఆషాఢం చివర్లో ఆఖరి ప్రూఫు చూడడానికి ఆమె వచ్చారు. తండ్రి పెన్సిల్ గుర్తుల ప్రతి ఎడమ పక్కన, కొత్త ప్రూఫు కుడి పక్కన పెట్టుకుని, మాస్టారు కూర్చున్న స్టూలు మీదే కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక 92వ పుట దగ్గర ఆగారు.

"ఇక్కడ 'మరి' అని మామూలు రతో ఉందండీ. మిగతా చోట్లన్నీ బండి ఱ చేశారు కదా?"

చూశాను. నిజమే. తెర మీద ఆ పుట తెరిచే ఉంది. కాపీ చేసి పెడితే పది నిమిషాలు. మార్చమంటారా అని అడిగాను.

ఆమె పాత ప్రతిలో ఆ పుటను కిటికీ వెలుతురుకు తిప్పి, అంచు పొడవునా వేలితో తడిమి చూశారు. గుర్తేమీ లేదు.

"నాన్నగారు ఇక్కడ పెన్సిల్ పెట్టలేదు అన్నయ్యగారూ. అలాగే ఉంచండి."

అలాగే ఉంచాను.